పర్లేదనే మనిషి

నోలీన్, గొర్రెల ఉన్ని కత్తిరించే షెడ్డు వెనకనున్న సింకు దగ్గర నిలబడి రెండు చేతులూ వేడినీళ్ళ ధార కింద పెట్టుకుని ఉంది. ముందు బొటనవేలు కదిలింది, తర్వాత చూపుడువేలు. మధ్యవేలూ ఉంగరంవేలూ వంగనని మొండికేశాయి. కణుపులు ఎర్రగా, నున్నగా, ఉడికిన చిలగడదుంపల్లా ఉబ్బి ఉన్నాయి. కుడి మణికట్టు చర్మం సాగి మెరుస్తోంది. నిద్ర లేచి మూడు గంటలయింది, అప్పట్నుంచీ ఈ పదివేళ్ళనీ బతిమాలుకుంటూనే ఉంది. ఏడున్నరకి గంట మోగుతుంది. ఆలోపు పిడికిలి పడాలి.

ఏప్రన్ జేబులో పిప్పరమెంటు డబ్బా ఒకటి ఉంది. అందులో పిప్పరమెంట్లు లేవు, పదకొండు తెల్ల మాత్రలున్నాయి. అవి స్టెరాయిడ్లు. పొద్దున్నే రెండు వేసుకుంటే మధ్యాహ్నానికి వేళ్ళు పాతికేళ్ళ పడుచువైపోతాయి. నాలుగు వారాలుగా ఒక్కటీ వేసుకోలేదు. ఇవాళ సాయంత్రం నాలుగింటిదాకా ఆగితే చాలు.

"చేతులెలా ఉన్నాయి?" వెనకనుంచి మెర్వ్ అడిగాడు.

"పర్లేదు," అంది నోలీన్.

మెర్వ్ తల ఊపి, బల్ల మీదున్న ఆమె ఫ్లాస్కు మూత ఒక చుట్టు వదులు చేసి పెట్టి వెళ్ళిపోయాడు. అతను ఉన్నిని ప్రెస్సులో తొక్కి బేళ్ళు కట్టే మనిషి. అరవయ్యారేళ్ళు, బండెడు భుజాలు, ఆ ప్రెస్సు మోతకి సగం పోయిన చెవులు. రెండేళ్ళుగా రోజూ ఆ మూత వదులు చేస్తున్నాడు. అతను ఎందుకని అడగలేదు, ఆమె ఎందుకో చెప్పలేదు.

ఈ పశ్చిమపు మైదానాల మనుషులే అంత. కాలు విరిగితే పర్లేదు, ఇల్లు కాలితే పర్లేదు. నోలీన్ తండ్రి గుండెపోటుతో కంచె పక్కన కూలబడి, పరిగెత్తుకొచ్చిన కూతురితో పర్లేదనే అన్నాడు, అదే ఆఖరి మాట. రోగం కంటే రోగముందని ఒప్పుకోవడమే వీళ్ళకి పెద్ద కష్టం. వినేవాళ్ళకి ఒళ్ళు మండుతుంది, ఏం లాభం?

గంట మోగింది. నాలుగు కత్తెర మిషన్లూ ఒక్కసారిగా రొద పెట్టాయి. గొర్రె ఒంటిమీది ఉన్ని దుప్పటిలా ఒక్క ముక్కగా ఊడి వస్తుంది. దాన్ని తెచ్చి బల్ల మీద పరుస్తారు. అది ఏ రకమో చెప్పి ఏ అరలో వెయ్యాలో తేల్చడం నోలీన్ పని. ముప్ఫై నాలుగేళ్ళుగా అదే పని. పక్కనుంచి ఒక పాయ తీస్తుంది, రెండు కొసలూ పట్టుకుని చెవి దగ్గర బిగలాగుతుంది, చూపుడువేలితో మీటుతుంది. గట్టి ఉన్ని అయితే టింగుమంటుంది. జబ్బు చేసిన గొర్రెదో, కరువు తిన్న గొర్రెదో అయితే మధ్యలో చిట్లుతుంది. చిట్లేది మేలురకంలో కలవకూడదు. బేలు మీద ఆమె నంబరు పడుతుంది, ఆ అంకెలు కోసిన రేకు మీద రంగు పూసి. ఆ నంబరు చూసి కొనేవాళ్ళున్నారు. ఆమె ప్రపంచంలో సంపాదించుకున్నది అదొక్కటే, భర్త ఎప్పుడో వెళ్ళిపోయాడు, పిల్లలు లేరు.

మూడేళ్ళ కిందట కీళ్ళ వాపు మొదలైంది. మొదట మెథోట్రెక్సేట్ ఇచ్చారు, వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. సోమవారం వేసుకుంటే మంగళవారమంతా కడుపులో తిప్పుడు, అందుకని శనివారానికి మార్చుకుంది. నోరు పూసింది, జుట్టు దువ్వెనకి వచ్చేసింది. శుక్రవారం బీరు మానెయ్యమంటే షెడ్డంతా సంతాపం ప్రకటించింది. తర్వాత ఇచ్చినవి పసుప్పచ్చని పెద్ద బిళ్ళలు. ఉచ్చ నారింజరంగులోకి మారింది, దానికి నవ్వుకుంది. ఒళ్ళంతా దద్దుర్లొచ్చాక నవ్వలేదు. వాటి తర్వాత కళ్ళు పరీక్ష చేయించుకుంటూ వేసుకోవలసిన ఇంకో మందు. ప్రతిదానికీ ఆర్నెల్లు ఆగి చూడడం, ఆగినన్నాళ్ళూ ఆశ పడడం. ఇక మిగిలింది సూదిమందు. అది ఇవ్వాలంటే పాత మందులు పనిచెయ్యలేదని, రక్తంలో వాపు అంకె ఎక్కువుందని, ఇన్ని కీళ్ళు వాచాయని డాక్టరు కాగితం మీద రాసి పై అధికారులకి పంపాలి.

పోయినసారి ఆ కాగితం వెళ్ళలేదు. అప్పుడు వేరే షెడ్డులో పెద్ద మంద నడుస్తోంది, పది రోజులు వరసగా తెల్ల మాత్రలు మింగి పని పూర్తి చేసింది. ఆ చేతులతోనే డాక్టరు ముందు కూర్చుంది. వాపు దిగి ఉంది, అంకె తగ్గి ఉంది. ఎలా ఉన్నారని డాక్టరడిగితే పర్లేదంది. డాక్టరు అలాగే రాసుకుంది. మూణ్ణెల్లకోసారి ఒక్కరోజు ఈ ఊరొచ్చే డాక్టరామె. ఆ ఒక్కరోజు మళ్ళీ ఇవాళే.

పన్నెండింటికి తిండి గంట. తల్గారా ఫారం యజమాని రాస్ వచ్చి బల్ల పక్కన నిలబడ్డాడు. అతను తండ్రి వెనకాల ఈ షెడ్డులో పాకుతున్న రోజుల్నుంచీ నోలీన్‌కి తెలుసు.

"ఇంక మిగిలింది చివరి గొర్రెల మందే నోలీన్. మూడేళ్ళ కరువులోనూ చేత్తో మేపి నిలబెట్టుకున్నవి. వీటిమీద మీ నంబరు పడితే చాలు నాకు."

"మూడింటికల్లా అయిపోతుంది. నేను ఊళ్ళోకి వెళ్ళాలి."

"ఒంట్లో బాగానే ఉందా?"

"పర్లేదు."

ఒంటిగంటకి ఆ మంద మొదలైంది. సన్నటి ఉన్ని, లోపల పాలమీగడ రంగు, నోలీన్ చేతులకి నాలుగేళ్ళ కిందట దొరికుంటే పండగే. ఇప్పుడు పాయ పట్టుకుంటే ఉందో లేదో తెలియడం లేదు. లాగితే మణికట్టులోంచి మోచేతిదాకా నిప్పు పాకుతోంది. ఆమె లాగడం తగ్గించింది. కంటితో చూసి, అరచేత్తో తడిమి, మేలురకం అరలోకి పంపించింది. ఒకటి, ఇంకొకటి, ఇంకొకటి.

ఒకటిన్నరకి మెర్వ్ ప్రెస్సు ఆపాడు. మేలురకం అరలోంచి ఒక ఉన్ని చుట్ట ఎత్తుకొచ్చి ఆమె ముందు పెట్టాడు. అందులోంచి ఒక పాయ తీసి తన మొద్దు వేళ్ళతో లాగాడు. అది మధ్యకి తెగింది.

నోలీన్‌కి లెక్క తెలుసు. తిండి తర్వాత ఆ అరలో పద్నాలుగు వేసింది. అందులో ఎన్ని ఇలాంటివి? ముప్ఫై నాలుగేళ్ళలో ఎవరూ ఆమె బల్ల మీదికి ఉన్ని తిప్పి తేలేదు. సిగ్గుతో మెడదాకా వేడెక్కింది. ఇంకా అరవై గొర్రెలున్నాయి, గంటన్నరే ఉంది. చెయ్యి దానంతటదే ఏప్రన్ జేబులోకి పోయింది.

డబ్బా మూత రాలేదు. గోటితో పట్టింది, పళ్ళతో పట్టింది, రాలేదు. ఆఖరికి దాన్ని మెర్వ్ ముందుకు చాపింది.

"ఇది తియ్యి."

మెర్వ్ డబ్బా అందుకున్నాడు, తియ్యలేదు. "డాక్టరు దగ్గరికి ఇవాళే కదూ?"

"తియ్యమన్నానా."

"ఇవి మింగితే ఆవిడ మళ్ళీ నువ్వు బాగున్నావనే రాస్తుంది."

"మింగకపోతే ఈ ఉన్ని ఎవరు చూస్తారు, నీ తాతా? తియ్యి మెర్వ్."

"తీస్తా. ముందు నా మాటకి జవాబు చెప్పు. చేతులెలా ఉన్నాయి?"

మిషన్లు రొద పెడుతున్నాయి. అందరూ వింటున్నట్టే ఉంది ఆమెకి. పర్లేదన్న మాట నాలుక చివరికి వచ్చింది, ఆ తెగిన పాయ కళ్ళముందు ఉంది.

"రావట్లేదు," అంది. గొంతు చిన్నగా వచ్చింది. మెర్వ్ చెవి వంచాడు. ఆమె ఈసారి అరిచింది, "రావట్లేదు అంటున్నా! లాగలేకపోతున్నా! వేళ్ళు నావి కానట్టున్నాయి!"

మెర్వ్ డబ్బాని తిరిగి ఆమె జేబులో పడేశాడు. చేతులు ప్యాంటుకి తుడుచుకుని ఒక పాయ తీసి, ఆమె చెవి దగ్గరికి తెచ్చి బిగలాగాడు.

"నాకు వినపడదు. నువ్వు విను."

మీటాడు. టింగుమంది.

"మేలురకం," అంది నోలీన్.

మొదట ఆ పద్నాలుగూ మళ్ళీ చూశారు. అయిదు తీసి తక్కువరకం అరలో వేశారు. తర్వాత వచ్చినవి వచ్చినట్టు చూశారు. అతని చేతులు, ఆమె చెవులు. తల వంచి, కళ్ళు మూసుకుని, అంత మోతలోనూ ఆ సన్నటి చప్పుడునే ఏరుకుని విన్నది. చెవి పక్కన అతని పొగాకు వాసన.

"ఏమయ్యా మెర్వ్, పెళ్ళెప్పుడు?" మిషన్ల వరసలోంచి ఒకడు కేకేశాడు.

"నువ్వు కోస్తున్నది ఉన్నో గొర్రె చెవో ముందది చూసుకో!" అని మెర్వ్ తిరిగి కేకేశాడు. అది మాత్రం ఎలా వినపడిందో మరి.

మూడింటికి అయిదు నిమిషాల ముందు చివరి ఉన్ని బల్ల మీద పడింది. అదీ టింగుమంది. నోలీన్ ఏప్రన్ విప్పడానికి ఆగకుండా బండెక్కింది. వేళ్ళతో పట్టు చిక్కడం లేదు, స్టీరింగుని మణికట్ల మధ్య ఇరికించుకుని నలభై నిమిషాలు నడిపింది.

డాక్టర్ అబేవర్ధన చిన్న మనిషి, మాట మెత్తన. "ఎలా ఉన్నారు?" అని అడిగింది.

"పర్ల..." నోలీన్ ఆగిపోయింది. జేబులోంచి డబ్బా తీసి బల్ల మీద పెట్టింది. "మూత మీరే తియ్యండి, నావల్ల కాదు. పదకొండున్నాయి. ఒక్కటీ మింగలేదు. పోయినసారి మింగి వచ్చాను. మీకు అబద్ధం చెప్పాను. బాలేదు డాక్టర్. అసలు బాలేదు."

డాక్టరు మూత తీసి చూసింది. రక్తం తీయించి పరీక్షకి పంపింది, చేతులకి ఎక్స్‌రే తీయించింది. తర్వాత ఒక్కో కీలూ నొక్కడం మొదలుపెట్టింది. ఇక్కడ? ఇక్కడ? నోలీన్ ప్రతిదానికీ నిజం చెప్పింది. కాగితం మీద మనిషి బొమ్మ ఒకటుంది, నొప్పి ఉన్నచోటల్లా డాక్టరు సున్నా చుట్టింది. చివరికి ఆ బొమ్మలో ఖాళీ చోటు పెద్దగా మిగల్లేదు. గంట తర్వాత అంకె వచ్చింది, అరవై ఒకటి. కావలసినదానికి రెండింతల పైనే.

"కాగితం ఇవాళే పంపిస్తాను. ఈసారి సూది ఇస్తారు," అంది డాక్టరు.

నోలీన్ ఊపిరి వదిలింది. డాక్టరు మాత్రం ఇంకా ఎక్స్‌రే వైపే చూస్తోంది.

"మణికట్టులో ఎముక తినేసింది నోలీన్. వేళ్ళ దగ్గర కూడా. సూది ఇకముందు జరిగేదాన్ని ఆపుతుంది, అదీ అందరిలోనూ కాదు. పోయినదాన్ని వెనక్కి తేలేదు."

"ఇలా లాగడం?" నోలీన్ గాలిలో రెండు చేతులూ ఎత్తి లేని పాయని లాగి చూపించింది. "ఇది వస్తుందా?"

డాక్టరు ఆ చేతుల్ని పట్టుకుని కిందికి దించింది. "రాదు," అంది.

ఆమె తిరిగొచ్చేసరికి షెడ్డు ఖాళీ అయింది. పొద్దు వాలింది, నేలమీద ఉన్ని తుక్కు ఊడ్చేశారు. మెర్వ్ చివరి బేలు ముందు రేకు పట్టుకుని నల్లరంగు పూస్తున్నాడు. నోలీన్ పుస్తకం తెరిచి, పెన్ను పిడికిట్లో గుచ్చి పట్టుకుని, ఏ రకం ఎన్ని బేళ్ళో రాసింది. కింద సంతకం పెట్టింది. అక్షరాలు పెద్దగా, వంకరగా వచ్చాయి.

"ఇస్తారా సూది?" మెర్వ్ అడిగాడు.

"ఇస్తారట."

"హమ్మయ్య. అయితే వచ్చే ఏడు..."

"వచ్చే ఏడు ఇంకెవర్నైనా చూసుకోమని రాస్‌కి చెప్పు. సూది ఇక్కడితో ఆపుతుందట, అంతే. నేను ఆలస్యంగా చెప్పాను మెర్వ్. మూడేళ్ళు ఆలస్యంగా."

మెర్వ్ రంగు కుంచె డబ్బాలో పెట్టాడు. "ఎలా ఉన్నావు?" అని అడిగాడు, ఈసారి చేతుల గురించి కాదు.

"ఏడుపొస్తోంది," అంది నోలీన్, అని ఏడ్చింది. అతను పక్కన నిలబడ్డాడు, ఏం చెయ్యాలో తెలియక ఫ్లాస్కు మూత తీసి టీ పోసిచ్చాడు. చల్లారిన టీ. ఆమె రెండు అరచేతుల మధ్య కప్పు పట్టుకుని మొత్తం తాగింది, ఏప్రన్ విప్పి ఇవ్వమని వీపు తిప్పింది. అతను ముడి విప్పాడు.

"రేకు మర్చిపోతున్నావు," అన్నాడు ఆమె గుమ్మం దాటుతుంటే.

"ఉండనీ."

బండి చప్పుడు దూరమయ్యేదాకా మెర్వ్ అక్కడే నిలబడ్డాడు. అతనికి మామూలు వాళ్ళకంటే ముందే ఆ చప్పుడు ఆగిపోయింది. తర్వాత లైట్లు ఆర్పి తలుపు దగ్గరికి లాగాడు. ప్రెస్సు పక్క మేకుకి రేకు వేలాడుతోంది, కోసిన అంకెల అంచుల్లో నల్లరంగు ఇంకా ఆరలేదు.