కొర్లమ్మ రొంటినున్న డబ్బా

నేను ఒక రేకు డబ్బాను. అరచేతిలో ఇమిడేంత ఉంటాను. పుట్టడం గొంతునొప్పి బిళ్లల కోసం పుట్టాను, బతకడం మాత్రం చుట్టలతో బతికాను. నవ్వొస్తే నవ్వండి, నేనేమీ అనుకోను. మనుషుల మధ్య ఇన్నేళ్లు మెలిగాక, ఎవరు దేనికోసం పుట్టి ఎందులో తేలారన్న పట్టింపు నాకు పోయింది.

నన్ను చేసిన యంత్రానికి నా మొహం కూడా గుర్తుండదు. రేకును ఒక్క దెబ్బకు నొక్కి, అంచులు మడిచి, మూత బిగించి అవతలికి తోసేసింది. ఎర్రరంగు పూశారు. మూత మీద నోరారా పాడుతున్న ఒకావిడ బొమ్మ అచ్చేశారు. కడుపు నిండా తియ్యటి బిళ్లలతో విశాఖపట్నంలో ఒక మందుల షాపు అద్దాల బీరువాలో కూర్చున్నప్పుడు, నా అంతటిది లేదనుకునేదాన్ని.

నన్ను కొన్నది ఒక లెక్కల మాస్టారు. ఆయన గొంతు నిక్షేపంగా ఉంది. బడి నుంచి వచ్చే దారిలో సిగరెట్టు కాల్చి, ఇంటి గుమ్మం ముందు ఒక బిళ్ల నోట్లో వేసుకునేవారు. భార్యకు తెలియదని ఆయన ధీమా. ఆవిడకు పెళ్లయిన కొత్తలోనే తెలుసు. మాస్టారు ఏటా ఉగాదినాడు సిగరెట్లు మానేసేవారు. పచ్చడి తిని ఒట్టు పెట్టుకునేవారు, సాయంత్రానికి నోరు చేదుగా ఉందంటూ పెరట్లోకి వెళ్లేవారు. అందుచేత మానడమంటే పెరట్లోకి వెళ్లి రావడం లాంటిదేనని నేను చాలాకాలం నమ్మాను.

కొన్నేళ్లపాటు బిళ్లలు అయినప్పుడల్లా మళ్లీ నింపి, చివరికి నేను ఖాళీగా పడి ఉంటే మాస్టారి భార్య నన్ను చేపలమ్మే కొర్లమ్మకు ఇచ్చేసింది. "ఖాళీదే కదమ్మా, నాకిచ్చీ. సుట్టలెట్టుకుంటాను" అని కొర్లమ్మే అడిగింది. అలా నేను ఆమె రొంటికి చేరాను. అక్కడ చీర మడతలో పొట్టకు ఆనుకుని ఉంటాను కనుక, ఆమెను నేను మొహం చూసి ఎరుగను, ఊపిరిని బట్టి ఎరుగుదును. తట్ట ఎత్తుకున్నప్పుడు పొట్ట ఎలా బిగుస్తుందో, బేరం తెగినప్పుడు ఎలా వదులవుతుందో నాకు తెలుసు. అన్నిటికంటే బాగా తెలిసింది ఆమె చుట్ట కాల్చేటప్పటి ఊపిరి.

కొర్లమ్మ ఉండే చేపలవాళ్ల పేటలో ఆడవాళ్లు కాల్చేది అడ్డచుట్ట. చుట్ట ముట్టించి, ఒక దమ్ము లాగి, నిప్పున్న కొస నోటి లోపలికి తిప్పి పెదాలు మూసేస్తారు. మొదటిసారి చూసినప్పుడు నాకు గుండె ఉంటే ఆగిపోయేది. బయటికి చుట్ట తోక మాత్రం కనిపిస్తుంది, నిప్పంతా అంగిట్లో. సముద్రపు గాలి దాన్ని ఆర్పలేదు, చేతులకు అడ్డం ఉండదు, వల బాగుచేసుకోవచ్చు, చేపలు కోసుకోవచ్చు. కొర్లమ్మకు ఆ విద్య నేర్పింది ఆమె పెద్ద తోటికోడలు అసిరమ్మ. కొత్తగా కాపురానికి వచ్చి, చలిగాలిలో వణుకుతూ పడవల కోసం ఎదురు చూస్తున్న పిల్లకు తన నోట్లోని చుట్ట తీసి ఇచ్చిందట. అప్పటి నుంచి ఇద్దరూ ఇసుకలో పక్కపక్కన కూర్చునే కాల్చారు. చుట్టలు చుట్టేది అసిరమ్మ, నాలో దాచుకునేది కొర్లమ్మ. పొడుగైతే తుంచి పెట్టేది.

ఒకసారి పేటకు పళ్ల డాక్టర్లు వచ్చి అందరి నోళ్లూ చూశారు. వాళ్లలో ఒక చిన్నావిడ కొర్లమ్మ నోట్లోకి లైటు వేసి ఒకటికి రెండుసార్లు చూసింది. తర్వాత ఆస్పత్రికి పిలిపించి, అంగిట్లోంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపింది. ఫలితం వచ్చిన రోజున నేనూ ఆ గదిలో ఉన్నాను.

"ఇది ఇంకా క్యాన్సర్ కాలేదమ్మా. కానీ ఆ దారిలోనే ఉంది. ఇవాళ్టితో ఆపేస్తే వెనక్కి తగ్గొచ్చు" అంది డాక్టరు. "అప్పుడప్పుడూ ఒకటి కాలిస్తే ఏమవుతుందిలే అనుకోకండి. ఆ ఒక్కటి చాలు, మళ్లీ మొదటికి వస్తారు."

"ఆపకపోతే?"

"అంగిలి తీసెయ్యాల్సి రావొచ్చు. అప్పుడు మాట సరిగ్గా రాదు."

కొర్లమ్మ బతుకంతా గొంతులో ఉంది. వీధి మొగలో 'సేపలోయ్' అంటే ఆఖరింట్లో గిన్నె పట్టుకుని బయటికి వస్తారు. ఆమె పొట్ట ఒక్కసారి లోపలికి పోయి చాలాసేపు అక్కడే ఉండిపోయింది. ఇంటికి వస్తూనే నాలో ఉన్న చుట్టలన్నీ తీసి అసిరమ్మ ఒడిలో పోసేసింది.

"ఓలమ్మా, డాట్రమ్మ సెప్పిందని మానేత్తావేటే? నాను పుట్టినకాణ్నుంచీ కాలుత్తన్నాను, నాకేటైనాది?" అంది అసిరమ్మ.

"నీకేటీ అవనేదప్పా. నాకైనాది" అంది కొర్లమ్మ. తోటికోడలిని ఆమె అక్క వరసన 'అప్ప' అనేది.

ఇక మాస్టారి లాగే ఈమె కూడా సాయంత్రానికి పెరట్లోకి వెళుతుందని నేను ఎదురు చూశాను. వెళ్లలేదు. మర్నాడూ వెళ్లలేదు. మొదట్లో ఒళ్లు వణికింది, కోడి కూసినా కసురుకుంది, తల పగిలిపోతోందని గుడ్డ కట్టుకుంది. అదంతా కొన్నాళ్లకు సర్దుకుంది. పేటంతా ఆమె గెలిచేసిందనుకుంది, నేనూ అనుకున్నాను. అసలు సంగతి ఆ తర్వాతే మొదలైందని నాకు తప్ప ఎవరికీ తెలియదు.

ఒంటికి పొగాకు అక్కర్లేకుండా పోయినా, అంగిలికి వేడి కావాలి. పొద్దున్నే చోడి అంబలి తాగి మూతి తుడుచుకోగానే అంగిలి అడిగేది. దూరాన పడవ తెరచాప కనిపిస్తే అడిగేది. మబ్బు పట్టినా, ఎవరైనా చచ్చినా, ఎవరికైనా పిల్ల పుట్టినా అడిగేది. ఆమె చెయ్యి దానంతట అదే నా మీదికి వచ్చేది. వేలు మూత అంచు దాకా వచ్చి ఆగేది, పొట్ట రాయిలా బిగుసుకునేది. ఎప్పటికో ఊపిరి వదిలి "ఏటమ్మా, వంజరం తీసుకుంటావా, ఒద్దా?" అనేది. బేరమాడుతున్న ఆవిడకు ఎదురుగా అంత పెద్ద యుద్ధం జరిగిందని తెలియనే తెలియదు. ఇంకో రూపాయి తగ్గించమనేది.

నాలో లవంగాలు పోసింది. అంగిట్లో ఒకటి నొక్కి పెట్టుకుంటే కాస్త చురుక్కుమంటుంది కనుక ఊరట. కానీ నేనేం చేసేది? ఏళ్లతరబడి చుట్టలు దాచిన రేకుకు ఆ వాసన పోదు. సబ్బు పెట్టి తోమింది, చింతపండు రాసింది, ఎండలో పెట్టింది. మూత తెరిస్తే లవంగాల కింద నుంచి పొగాకు వాసన తల ఎత్తేది. అసిరమ్మ కూతురు పైడమ్మ ఒకసారి విసుక్కుంది కూడా.

"ఈ డబ్బా సముద్రంలో గిరాటెట్టీ పిన్నీ. దీని కంపుకే నీకు ఆశ పుడతంది."

"ఆశ డబ్బాలో నేదే, నా అంగిట్లో ఉంది. అంగిలి గిరాటెట్టకుండా ఉండడానికే కదేటి ఈ తిప్పలు" అంది కొర్లమ్మ. ఆ రోజు నన్ను తడిమిన చెయ్యి చాలా మెత్తగా ఉంది. నేను ఎంత పొంగిపోయానో చెప్పలేను.

ఆస్పత్రికి వెళ్లిన ప్రతిసారీ డాక్టరమ్మ మచ్చ తగ్గుతోందని చెప్పేది. అసిరమ్మ మాత్రం ఎప్పటిలాగే కొర్లమ్మ పక్కన కూర్చుని అడ్డచుట్ట కాలుస్తూనే ఉంది. లోకంలో న్యాయం ఎలా ఉంటుందో చూడండి, ఆవిడకు దగ్గు కూడా రాలేదు. వానాకాలంలో నాలుగు రోజులు జ్వరం కాసి, అయిదో రోజున అంబలి తాగి, చుట్ట కాల్చుకుని, పడుకుని మళ్లీ లేవలేదు. డాక్టర్లు వచ్చి నోరు చూస్తే ఏం తేలేదో నాకు తెలియదు, ఆవిడ ఎన్నడూ చూపించుకోలేదు. "సుట్ట ఆయమ్మనేటి సేసింది?" అని పేటంతా అనుకుంది. కొర్లమ్మ కూడా అనుకుందని నాకు తెలుసు, ఎందుకంటే ఆ రాత్రి ఆమె నా మూత తీసి, లవంగం ముట్టుకోకుండా చాలాసేపు వాసన చూసింది.

అసిరమ్మ కర్మ జరిగే పెద్దదినం నాడు ఒడ్డున ఆకు వేశారు. అన్నం, వేయించిన చేపలు, కల్లు పెట్టారు. పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ పెట్టాలి, అసిరమ్మకు చుట్ట పెట్టకపోతే ఆవిడ ఆకు వైపు తిరిగి కూడా చూడదు. ఆ చుట్టను ఊరికే పెట్టకూడదు. పోయినామెకు అందరికంటే దగ్గరైన ఆడది నోట పెట్టి ముట్టించి, ఒక దమ్ము లాగి ఆకు పక్కన ఉంచాలి. అది ఆ పేట ఆచారం.

"నాను సచ్చిపోతే నువ్వే ముట్టించియ్యాల" అని అసిరమ్మ ఎన్నిసార్లు నవ్వుతూ అందో నేను విన్నాను. పైడమ్మ తల్లి చుట్టిన చుట్టల్లో మిగిలినది ఒకటి తెచ్చి కొర్లమ్మ చేతిలో పెట్టింది.

"ఒక్క దమ్మే పిన్నీ. అమ్మ కోసం" అంది. అంటూనే ఏడ్చేసింది.

కొర్లమ్మ చుట్ట పెదాల మధ్య పెట్టుకుంది. పైడమ్మ అగ్గిపుల్ల గీసి, రెండు చేతులూ అడ్డం పెట్టి దగ్గరికి తెచ్చింది. అసిరమ్మ చేతి చుట్ట అది, అలవాటైన మందం, అలవాటైన రుచి. చుట్టూ ఉన్నవాళ్లలో వద్దనేవాళ్లు ఒక్కరూ లేరు, పైగా అది ధర్మం. నాకు ఆమె పొట్ట తెలుసు. అది లోపలికి లాగడానికి సిద్ధమై, అంచు దాకా వచ్చి ఆగిపోయింది. పుల్ల కాలి పైడమ్మ వేళ్లను చురక అంటించి ఆరిపోయింది. ఇంకో పుల్ల గీసింది. అదీ ఆరిపోయింది.

కొర్లమ్మ చుట్ట నోట్లోంచి తీసింది. "కుంపట్లో నిప్పులు తే" అంది.

నిప్పులు తెచ్చారు. ఆమె చుట్ట కొసను నిప్పుల్లో గుచ్చి, సముద్రం వైపు తిరిగి, గాలికి ఎదురుగా పట్టుకుంది. చుట్ట మొండికేసింది. ఆడవాళ్లు గుసగుసలాడారు. ఒక ముసలామె "నోటితో ఇయ్యనిది అసిరమ్మకి అందదే" అని పైకే అంది. కొర్లమ్మ చెయ్యి దించలేదు. మళ్లీ గుచ్చింది, మళ్లీ పట్టుకుంది. అప్పుడు సముద్రం మీది గాలి గట్టిగా వీచింది. చుట్ట కొస ఎర్రబడింది, ఒకసారి వెలిగి తగ్గింది, మళ్లీ వెలిగింది. ఎవరో ఊపిరి లాగి వదులుతున్నట్టే ఉంది. ముసలామె చేతులు జోడించింది.

ఆమె చుట్టను ఆకు పక్కన ఇసుకలో గుచ్చి అక్కడే కూర్చుంది. పొగంతా ఆమె మొహం మీదికే వచ్చింది. లేచి పక్కకు జరగొచ్చు, జరగలేదు. చుట్ట బూడిదయ్యే దాకా తోటికోడలి పక్కన కూర్చునే ఉంది. ఆ సేపంతా ఆమె పొట్ట నా మీద అదురుతూనే ఉంది. నేను ఇనుమును. ఉప్పుగాలి నన్ను అడిగిన ప్రతిసారీ కాదనలేక తుప్పు పట్టాను, నా మూత మీది పాటగత్తెకు ఇప్పుడు మొహం కూడా లేదు. మెత్తటి కండతో చేసిన మనిషి ఎలా కాదంటుంది? అంత బలం ఆ పొట్టలో ఎక్కడ దాగుంది? నాకు అర్థం కాలేదు, ఇప్పటికీ కాదు. దండం పెట్టడానికి నాకు చేతులు లేవు.

"ఏడవకు పిన్నీ" అంది పైడమ్మ.

"అప్ప కోసం ఏడుత్తన్నానో, సుట్ట కోసం ఏడుత్తన్నానో నాకే తెలడం నేదే" అంది కొర్లమ్మ.

మర్నాడు పొద్దున్న పడవలు వచ్చాయి. కొర్లమ్మ చేపలు కొని తట్ట నింపుకుంది. తట్ట ఎత్తడానికి వచ్చిన పైడమ్మ చేతులు వేసి ఆగింది.

"పిన్నీ, ఇంకా ఆశ పుడతందా?"

కొర్లమ్మ పొట్ట బిగుసుకుంది. వేలు నా మూత మీదికి వచ్చి, ఒక లవంగం తీసుకుని, మూత మూసింది.

"పుడతంది. పుట్టనీ. ముందు తట్టెత్తు, సేపలు పాడైపోతాయి."