వాలు మీద ఒంటిపన్ను

నేను ఒక ఉక్కు కొక్కేన్ని. చూపుడువేలంత ఉంటాను. ఆటోమేటిక్ కారు గేర్‌బాక్సులో, నూనె వాసనలో, ఒంటిపన్నుతో నా కాపురం. మీరు లివరును 'పి'లోకి, అంటే పార్కింగ్‌లోకి, తోసినప్పుడల్లా నా పన్ను పక్కనున్న పళ్ళచక్రం సందులో దిగుతుంది. బండి కదలదు. అయితే బండి పూర్తిగా ఆగాక, బరువంతా హ్యాండ్‌బ్రేకు మోస్తుంటే, దానికి తోడుండమని నన్ను చేశారు. తోడుండమని! ఒంటరిగా కారంతా మొయ్యమని కాదు.

మొదట నన్ను ఏలిన డాక్టరుగారిది చదునైన ఊరు. ఆయనకు హ్యాండ్‌బ్రేకు అలవాటు లేదు గానీ, నేల సమంగా ఉండటంతో బతికిపోయాను. తర్వాత విశాఖలో పైడిరాజుగారు కొన్నారు. ఆయన ఇల్లు కొండవాలు వీధిలో. బండి ముక్కు పైకి, తోక కిందికి. తోక వెనక అరుగు మెట్లు. సాయంత్రమైతే ఆ మెట్ల మీద ఆడవాళ్ళు కూర్చుని వీధి సంగతులన్నీ తేల్చేవారు. వాళ్ళకీ బండికీ మధ్య ఉన్నది నా పన్నొక్కటే. ఆ సంగతి నాకు తప్ప ఎవరికీ పట్టలేదు.

పైడిరాజుగారు బండి ఇంకా దొర్లుతుండగానే లివరును పి లోకి నెట్టేవారు. కరకరమని చక్రం నన్ను గీకేది. అది ఆగీ ఆగకముందే బ్రేకు మీంచి కాలు తీసేసేవారు. కారు మొత్తం వచ్చి నా మీద కూలబడేది.

"హ్యాండ్‌బ్రేకు వెయ్యరేం?" అని ఆయన భార్య హైమ అడిగింది. డ్రైవింగ్ స్కూల్లో అప్పుడే నేర్చుకుంటోంది.

"సముద్రపు గాలికి తుప్పెక్కి పట్టేస్తదే. అయినా అంత పోసి ఆటోమేటిక్ కొన్నాక మళ్ళీ చేత్తో లాగడవేటి?"

"పొద్దున్న పి లోంచి తీస్తుంటే టక్కుమంటోంది. వినపడ్డం లేదా?"

"కొత్త కదా, నీకు అన్నీ వినపడతాయి."

పక్కింటి మిక్సీలో బ్లేడు వదులైతే తన వంటింట్లోంచే పసిగట్టే చెవి హైమది. ఆ చెవిని నమ్మని మనిషి చేతిలో నా బతుకు!

ఒక ఆదివారం ఆయన అప్ప రత్నాలమ్మ పనసకాయతో దిగబడింది. పైడిరాజుగారు హైమతో వెళ్ళి ఆవిణ్ణి స్టేషన్ నుంచి తీసుకొచ్చి, మామూలుగానే దొర్లుతున్న బండికి పి వేశారు. నా పన్ను సందులో సరిగ్గా దిగలేదు, అంచు మీద ఆనింది. ఆయన దిగి ఫోనులో మునిగారు. అప్ప వెనక్కి వెళ్ళి డిక్కీ తెరిచి పనసకాయ పట్టి లాగింది. బండి ఊగింది. నా పన్ను పెళుక్కున సగానికి విరిగింది.

బండి వెనక్కి కదిలింది. పట్టుకుందామని చూశాను, పట్టు చిక్కలేదు. ముందు సీట్లో సంచులు సర్దుకుంటున్న హైమ రెండు చేతులతో హ్యాండ్‌బ్రేకు లాగింది. బండి తోక అప్ప చీర కుచ్చిళ్ళను తాకి ఆగింది. ఆవిడ పనసకాయను చంటిపిల్లలా పట్టుకుని మెట్ల మీద కూలబడింది.

"బండిలో ఏదో లోపం ఉందప్పా," అన్నారు పైడిరాజుగారు.

"నోర్ముయ్యరా. దానికే నోరుంటే నిన్నీ వీధిలో నిలబెట్టి కడిగేసేది. తాళం హైమకియ్యి."

ఇచ్చారు. హైమ బండిని మెట్లకు దూరంగా ముందుకు జరిపింది. బ్రేకు తొక్కి ఉంచి, లివరును న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్‌బ్రేకు లాగింది. కాలు మెల్లగా సడలించి, బండి నిలిచిందని చూసుకుని, మళ్ళీ తొక్కి అప్పుడు పి వేసింది. మిగిలిన సగం పన్నుతోనే చక్రంలో దిగాను. బరువేమీ పడలేదు. పెళ్ళింట్లో ఎవరూ పని పురమాయించని చుట్టంలా తీరిగ్గా కూర్చున్నాను.

"ఇంత తతంగమా," అనబోయిన పైడిరాజుగారు అప్ప వైపు చూసి, ఆవిడ చేతిలోని పనసకాయ అందుకుని మెట్లెక్కారు.

మర్నాడు గ్యారేజీలో నన్ను విప్పేశారు. పాత బోల్టుల డబ్బాలో ఉన్నాను. ఇన్నేళ్ళ కొలువులో నన్ను వాడటం తెలిసిన మనిషి చేతికింద చేసింది ఒక్క పూట. ఇప్పుడు ఆవిడ దగ్గర నా చోటులో కొత్త కొక్కెం హాయిగా కూర్చుంది. దాని అదృష్టం తలుచుకుంటే ఒళ్ళు మండిపోతోంది.