ఇరవై ఒక్క మిరియాలు

దర్జీకి కూతురంటే ఎంత గర్వమో ఆ వీధిలో చొక్కా కుట్టించుకున్న ప్రతివాడికీ తెలుసు. మెడ చుట్టూ టేపు వేసి పట్టుకుని మరీ చెప్పేవాడు. "పసుపులో ఉండే మందు ఎంత మింగినా ఒంటికి పట్టదండీ. పేగులూ కాలేయమూ కలిసి దాని రూపు మార్చేసి బయటికి తోసేస్తాయి. మా అమ్మాయి దాన్ని సన్నటి నూనె చుక్కల్లో దాచి రక్తంలోకి పంపే క్యాప్సూల్ తయారు చేసింది!" మెడ విడిపించుకోవాలంటే "అబ్బో" అనక తప్పేది కాదు.

కూతురి కంపెనీలో తొలి పరీక్షకు పన్నెండుమంది కావలసి వచ్చారు. ఉద్యోగుల ఇళ్లవాళ్లూ రావచ్చన్నారు. దర్జీ అందరికంటే ముందు పేరిచ్చాడు. ఆరుగురికి కొత్త క్యాప్సూల్, ఆరుగురికి అచ్చం అలాగే కనిపించే గుళికలో అదే మందు ఉత్త పొడిగా. ఎవరికి ఏది ఇచ్చారో నర్సు దగ్గరున్న మూసిన కవర్లో ఉంటుంది. రక్తం తీసిన సీసాల మీద పేర్లుండవు, నెంబర్లే. దర్జీది ఏడు.

రెండు రోజుల ముందు నుంచి నూనె వస్తువులు, మిరియాలు ముట్టుకోవద్దని కాగితం మీద రాసిచ్చారు. అక్కడే ఆయన బుర్రలో పురుగు తొలిచింది. మిరియాలు కాలేయాన్ని అడ్డుకుని మందుని రక్తంలో నిలబెడతాయని కూతురే ఒకసారి చెప్పింది. నిలబెడితే మంచిదేగా? కూతురి క్యాప్సూల్‌కి తండ్రి కాస్త చెయ్యేస్తే తప్పేముంది? తనకిచ్చేది ఆ క్యాప్సూలే అని ఆయనకి రవ్వంత అనుమానం కూడా లేదు. పరీక్షరోజు పొద్దున్నే వంటింట్లో నిలబడి, కళ్లమ్మట నీళ్లు కారుతున్నా, ఇరవై ఒక్క మిరియాలు లెక్కపెట్టి నమిలాడు.

పదిరోజుల తర్వాత ఓ సాయంత్రం కూతురు ఆఫీసు నుంచి వచ్చి, సంచీ కూడా దింపకుండా కుట్టు మిషను పక్క స్టూలు మీద కూలబడింది.

"ఏమైందే?" అంది తల్లి.

"కవరు విప్పారమ్మా. నా క్యాప్సూల్ వేసుకున్న ఆరుగురి రక్తంలోనూ మందు బాగా కనిపించింది. కానీ ఉత్త పొడి మింగినవాళ్లలో ఒకరి రక్తంలోనూ అంతే వచ్చింది. రెండోసారి కొలిచినా అదే లెక్క. పొడికే అంత పడితే ఇక నా క్యాప్సూల్ ఎందుకు? ఆ ఒక్క నెంబరూ చడీచప్పుడు కాకుండా తీసేద్దామంటాడు మా మేనేజరు. కారణం తెలియకుండా తీయనన్నాను. అయితే రేపటికల్లా కారణం చెప్పు, లేదా పని మూసేద్దాం అన్నాడు."

"ఎన్నో నెంబరు?" అన్నాడు దర్జీ.

"ఏడు."

ఆయన కత్తెర కింద పెట్టి, మళ్లీ తీసి, మళ్లీ పెట్టాడు.

"తీసేయమంటే తీసేయరాదూ తల్లీ? ఎవరికి తెలుస్తుంది?"

కూతురు తలెత్తి చూసింది. "నా చిన్నప్పుడు ఆ నీలం కోటు చెయ్యి విప్పి మళ్లీ ఎందుకు కుట్టావు నాన్నా? వేలెడు తేడా. వేసుకున్నాయనకి తెలియనే లేదు, బావుందని కూడా అన్నాడు. నేను ఈ స్టూలు మీదే కూచుని చూశాను."

దర్జీకి తల కొట్టేసినట్టయింది. సిగ్గు ముంచుకొచ్చింది. ఆ సిగ్గు అడుగునే, ఇది నా కూతురు అన్న గర్వం కూడా పొంగుకొచ్చింది. ఆ రెండూ కలిసి ఆయన చేత నిజం చెప్పించాయి.

"అయ్యో రాత! మిరియాలు పెట్టి కూతురి కొంప ముంచారు కదండీ!" అంది భార్య.

కూతురు మాత్రం సంచీలోంచి పుస్తకం తీసింది.

"ఎన్ని?"

"ఇరవై ఒకటి."

"మింగావా, నమిలావా?"

"నమిలాను."

"ఎన్నింటికి?"

"ఆరున్నరకి."

అన్నీ రాసుకుంది. "నా కోసమే చేశావని తెలుసు నాన్నా. ఇంకోసారి చేస్తే నీతో మాట్లాడను." గొంతు వణికింది. "రేపొచ్చి అందరి ముందూ చెప్తావా?"

"చెప్తాను."

మర్నాడు భుజాలు జారిపోయిన తెల్లకోట్ల మధ్య నిలబడి, గింజల లెక్కతో సహా చెప్పాడు. ఎవరో కిసుక్కున నవ్వారు. మేనేజరు ఊపిరి పీల్చుకున్నాడు. "హమ్మయ్య, కారణం దొరికింది. ఏడు తీసేస్తే సరిపోతుంది."

"సరిపోదు సార్," అంది కూతురు. "మా నాన్న చెప్పాడు కాబట్టి తెలిసింది. మిగతా పదకొండుమందీ ఏం తిన్నారో మనం చూడలేదు. జరిగింది జరిగినట్టు రిపోర్టులో రాస్తాను. అందరికీ మళ్లీ చేద్దాం. ఈసారి రెండు రోజుల ముందే ఇక్కడికి రప్పించి, మన తిండే పెడదాం."

ఈసారి ఆ గొంతు వణకలేదు. మేనేజరు కళ్లజోడు తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, సరేనన్నాడు. దర్జీకి ఆ గదిలో అందరి మెడలకీ టేపు వేసి పట్టుకుని "చూశారా?" అని అడగాలనిపించింది. బుద్ధిగా చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

మూడువారాలకి ఫలితం వచ్చింది. కూతురు కొట్లో కటింగు కాగితం పరిచి, తండ్రి సుద్దముక్కతోనే గీసి చూపించింది. క్యాప్సూల్ వేసుకున్నవాళ్ల గీతలు ఆరూ నిటారుగా పైకి లేచాయి.

"మరి నాది?"

"అదిగో, అడుగున నేలకి అంటుకుపోయింది. మళ్లీ ఉత్త పొడే కదా నీకిచ్చింది! కొలతకే అందలేదు."

దర్జీ ఆ కాగితాన్ని మిషను పైన గోడకి నాలుగు మూలలా మేకులు కొట్టి తగిలించాడు. మర్నాడు చొక్కాకని వచ్చినాయన మెడకి టేపు వేసి, కాగితం వైపు తిప్పాడు.

"మా అమ్మాయి కొలతండీ అది. ఇంకెవరూ వంక పెట్టలేరు. ఆ అడుగున సున్నా ఉంది చూశారూ," అని రొమ్ము విరుచుకున్నాడు, "అది నేనే!"