రెండో నీళ్ళ కాఫీ

"కాఫీ!" అని పడగ్గదిలోంచి ఆయన కేకేస్తే చాలు, నా చేతులు వాటంతటవే లేస్తాయి. కప్పు మీద బుల్లి స్టీలు ఫిల్టరు పెట్టి, రెండు చెంచాల పొడి వేసి, మరిగిన నీళ్ళు కొంచెం కొంచెంగా పోస్తాను. వడకట్టే కాగితాలతో పనిలేదు, కడుక్కుంటే మళ్ళీ వాడుకోవచ్చు. ఒకసారికి ఒక్క కప్పే దిగుతుంది. ఆ ఒక్క కప్పూ నాకోసమని ముచ్చటపడి దీన్ని కొనుక్కున్నాను. అట్టపెట్టె విప్పుతుండగానే ఆయన చూసి, "భలే ఉందే, నాకో కప్పు పట్రా" అన్నారు. అంతే, నా ముచ్చట తీరిపోయింది.

ఆయన కప్పు దిగాక అదే పొడి మీద ఇంకోసారి నీళ్ళు పోస్తాను. అందులో సగం అత్తయ్యకి, సగం నాకు. నేను కాపురానికొచ్చిన కొత్తలో పెద్ద ఫిల్టరు ఉండేది. అప్పుడూ ఇదే లెక్క. "పొడి పారెయ్యకమ్మాయ్, ఇంకా సారం ఉంది. మనకేం, ఎలా ఉన్నా గొంతు దిగుతుంది" అనేది అత్తయ్య. ఆ 'మన'లో నన్నూ కలుపుకుందని మురిసిపోయాను కూడా, పిచ్చిమొహాన్ని! పదిహేడేళ్ళుగా పాలు ఎక్కువ పోసుకుని, అదీ కాఫీయేనని నన్ను నేను నమ్మించుకుంటున్నాను. మొదటి నీళ్ళు పడగానే పొడి పొంగుతుంది చూడండి, ఆ వాసనకి మాత్రం రోజూ ప్రాణం లేచొస్తుంది. వాసన నాది, కాఫీ ఆయనది.

నిన్న ఆఫీసు కింద కొత్తగా తెరిచిన కాఫీ కొట్టుకెళ్ళాను. "స్ట్రాంగా, లైటా మేడమ్?" అనడిగింది అక్కడి పిల్ల. పన్నెండంతస్తుల భవనంలో ఏ స్తంభానికి ఎంత ఇనుము వెయ్యాలో తడుముకోకుండా చెప్పే ఇంజనీర్ని. నాకేం ఇష్టమో నాకు తెలియలేదు. "ఏదైనా పర్లేదు" అన్నాను. "ఏదైనా అనే కాఫీ మా దగ్గర లేదు మేడమ్" అని నవ్వింది. నేనూ నవ్వాను గానీ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఏమీ కొనకుండానే వచ్చేశాను.

ఈ ఉదయం మామూలుగానే కేక వినబడింది. కాఫీ దిగింది. కప్పు పట్టుకుని పడగ్గది వైపు రెండడుగులు వేశాను కూడా. వెనక్కొచ్చి, వంటింట్లో స్టూలు మీద కూలబడి తాగాను. చేదు. చేదు వెనకాల ఏదో సన్నటి తీపి. ఇన్నేళ్ళూ నేను కళ్ళు మూసుకుని పీల్చిన వాసనకి రుచి ఇదన్నమాట. ఇంకొక్క గుక్క తాగానో లేదో గుమ్మంలో అత్తయ్య.

"వాడికిచ్చావా?"

"లేదత్తయ్యా. ఇది నాది."

ఆవిడ దగ్గరకొచ్చి చెయ్యి చాపింది. లాగేసుకుంటుందనే అనుకున్నాను. ఒక గుక్క తాగింది. ఆగి, ఇంకోటి తాగింది.

"ఇలా ఉంటుందటే ఇది?" అంది మెల్లగా. డెబ్బై రెండేళ్ళకి తెలిసింది ఆవిడకి.

"కాఫీ ఏదీ? ఎంతసేపూ?" లోపల్నించి మళ్ళీ కేక.

పాత పొడి దులిపేసి కొత్తది వేద్దామని లేచాను. అత్తయ్య నా మణికట్టు పట్టుకుని కూర్చోబెట్టింది.

"పారెయ్యకమ్మాయ్, ఇంకా సారం ఉంది. వాడికేం, ఎలా ఉన్నా గొంతు దిగుతుంది."