ముప్పై ఆరు చువ్వలు

తెల్లవారుతున్న వేళ ఒక లావుపాటి ఆడమనిషి, వెనక చక్రం నేలకు ఆనకుండా క్యారియరు పట్టుకుని సైకిలును ఎత్తి, ముందు చక్రం మీదే నడిపించుకుంటూ పోతోంది. పాల ప్యాకెట్లు వేసే అతను చూసి నవ్వాడు. ఉదయపు నడకకు వచ్చిన పెద్దమనుషులు ఇద్దరు చూసి నవ్వాపుకున్నారు. "ఆ ఒళ్ళు ఎక్కి కూర్చుంటే పాపం అదేం చేస్తుంది!" అన్నాడొకాయన, వినపడదనుకుని. వినపడింది.

చదువరులారా, ఆ చోట మనం ఉన్నా ఆ మాటే అనుకునేవాళ్ళం. విరిగిన చక్రాన్ని చూసినప్పుడు దాన్ని ఎవరు చేశారు, ఎలా చేశారు అని మనకు తోచదు. ఎక్కిన మనిషే కళ్ళబడుతుంది.

ఆమెది పెద్దాసుపత్రిలో బట్టలు ఉతికే విభాగం. రోగుల దుప్పట్లు, డాక్టర్ల కోట్లు ఇస్త్రీ చేసే హాల్లో పద్నాలుగేళ్ళుగా పని. తోటివాళ్ళు పెద్దక్క అంటారు. వయసుకు పెద్దని కాదు, ఒంటికి పెద్దని. ఆ సంగతి ఆమెకూ తెలుసు. అయినా వయసుకేనని అనుకున్నట్టు "ఊఁ" అని పలుకుతుంది. అలా పలకడం అలవాటైతే రోజు కొంచెం తేలిగ్గా గడుస్తుంది.

ఆరింటికి గేటు దగ్గర సంతకం పెట్టాలి. మొదటి బస్సు వచ్చేదే ఆరున్నరకు. నడుద్దామంటే గంటన్నర దారి, మోకాళ్ళు వాచి కుండలవుతాయి. సైకిలు మీదైతే మోకాలికి నొప్పి తెలియదు, అరగంటలో చేరుకుంటుంది. ఇంట్లో నడుము పడిపోయి మంచం దిగలేని భర్త, చొక్కాలకు గుండీలు కుట్టి నాలుగు రాళ్ళు తెచ్చే ఆడబిడ్డ. వాళ్ళిద్దరి కడుపులూ నిండేది పెద్దక్క జీతంతోనే.

"ఇది రెండోసారి పెద్దక్కా," అంది సూపర్వైజరు గోడ గడియారం వైపు చూపించి. "మూడోసారైతే నిన్ను ఇస్త్రీ హాల్లో ఉంచలేను, దుప్పట్లు పిండే తడిగదికి రాసేస్తాను. అక్కడ కూడా ఆలస్యమైతే నీ పేరు తీసేస్తారు. ఇక నా చేతుల్లో ఉండదు."

"సైకిలు చక్రం చువ్వ విరిగిందమ్మా."

"వారం వారం నీకే ఎందుకు విరుగుతుంది? ఇంతమంది సైకిళ్ళ మీద వస్తున్నారు."

పెద్దక్క తల వంచుకుంది. ఆ ప్రశ్నకు జవాబు అడిగినావిడ కళ్ళలోనే ఉంది.

ఇంటికి పోయే దారిలో, మలుపులో గొడుగు వేసుకుని సైకిళ్ళు బాగుచేసే అతని దగ్గర ఆగింది. అతనికిది కొత్త కాదు. చువ్వల కట్ట విప్పుతూనే అందుకున్నాడు.

"అక్కా, నీకు కావాల్సింది సైకిలు కాదు, లారీ."

"తోలడానికి నువ్వొస్తావా?"

"వస్తాను గానీ, నువ్వు కూర్చున్నాక నాకు చోటుండద్దూ!"

పెద్దక్క కూడా నవ్వింది. నవ్వకపోతే ఏడవాలి, ఏడవడానికి ఒంట్లో ఓపిక లేదు. అతను చువ్వ బిగించి, చక్రం తిప్పి, పెదవి విరిచాడు. "ఇక ఇది లాభం లేదక్కా. ఒకటి వేస్తే దాని పక్కది పోతోంది. చక్రమే మార్చుకో. కాస్త తిండి కూడా తగ్గించుకో."

ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది ఆ మాట. ఆమెకు అలా తోచలేదు. తిండి సంగతే నిజమనుకుంది. ఆ పూట అన్నం సగమే తింది. మర్నాడు ఆవిరి మధ్య ఇస్త్రీ చేస్తుంటే కళ్ళు తిరిగాయి.

"వదినా, ఆదివారం పోయి కొత్త చక్రం కొనుక్కొద్దాం," అంది ఆడబిడ్డ. ఆమెది పుల్లలాంటి ఒళ్ళు. మాట మాత్రం గట్టిది.

"నువ్వే పోయి తేవే. నేను పోతే షాపులో అందరూ చక్రాన్ని వదిలేసి నన్ను చూస్తారు."

"నేను పోతేనో?"

"నువ్వు పోతే, తలుపు తెరుచుకుంది గానీ ఎవరూ రాలేదేమిటని వెతుక్కుంటారు."

"ఓయమ్మో, నోరు చూడు! ఆ నోరేదో సూపర్వైజరు ముందు తెరవకూడదూ?"

"పెళ్ళికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకున్నట్టు నన్నెందుకు తీసుకుపోతావే? అక్కడ నా ఊసు ఎత్తావంటే మాత్రం చూడు!"

చివరికి ఇద్దరూ వెళ్ళారు. పెద్దక్క రోడ్డుకు ఇవతలే లైటు స్తంభం వెనక నిలబడింది. స్తంభం దాచగలిగినంత దాచింది. ఆడబిడ్డ ఒక్కతే పాత చక్రం పట్టుకుని లోపలికి పోయింది. షాపతను ఎవరికని అడగలేదు. కొనవచ్చిన మనిషే తొక్కే మనిషనుకుని ఆమెను ఎగాదిగా చూశాడు.

"మీ ఒంటికి బరువు చక్రాలెందుకమ్మా? ఇది చూడండి. ఇరవై నాలుగే చువ్వలు, అద్దంలా మెరుస్తుంది. సైకిలు గాల్లో తేలిపోతుంది."

ఆడబిడ్డ నోటిదాకా మాట వచ్చింది. రోడ్డవతల స్తంభం వెనక నుంచి వదిన చెయ్యి ఊపుతోంది, త్వరగా రమ్మని. మాట మింగేసి, మెరిసే చక్రం తీసుకుని బయటికొచ్చింది.

పదిహేడు రోజులు బాగానే నడిచింది. పద్దెనిమిదో రోజు, ఆసుపత్రికి ఇంకా సగం దారి ఉందనగా, స్పీడు బ్రేకరు మీద ఎగిరి పడగానే వరసగా మూడు చువ్వలు తెగాయి. రిమ్ము వంకర పోయి బ్రేకు రబ్బర్లకు పట్టేసింది. పెద్దక్క దిగి, క్యారియరు పట్టుకుని ఎత్తింది. ఇక ఆమెకు ఏ ఆలోచనా రాలేదు. చేతులు మార్చుకుంటూ, ఊపిరి తీసుకుంటూ నడిచింది. గేటు చేరేసరికి ఆరూ ఇరవై ఐదు.

సూపర్వైజరు కసరలేదు. అదే ఎక్కువ బాధనిపించింది. "తడిగదికి పో పెద్దక్కా. నీకు బలముందిగా, ఆ పని నీకు బరువనిపించదులే," అంది.

ఎంత చిత్రమో చూడండి. నీళ్ళోడే దుప్పట్లు తొట్టెల్లోంచి ఎత్తాల్సి వస్తే ఆ ఒళ్ళు బలమైంది. సైకిలెక్కితే అదే ఒళ్ళు తప్పైంది.

తడిగదిలో ఆమెతో పాటు దుప్పట్లు పిండే ముసలామె ఒకతె ఉంది. రెండు రోజులు ఊరుకుని, మూడో రోజు అడిగింది. "రోజూ నడిచి వస్తున్నావా? కాళ్ళు అలా వాచాయేమిటే అమ్మాయ్?"

పెద్దక్క చక్రం సంగతంతా చెప్పింది.

"రైలుగేటు దగ్గర చక్రాల తాత ఉన్నాడు. మా ఆయన సామాన్ల బండికి ఆయనే కట్టేవాడు. ఆయన చక్రాలు అమ్మడు, కడతాడు. కానీ నువ్వే వెళ్ళాలి. తొక్కే మనిషిని చూడందే చెయ్యి వెయ్యడు."

నువ్వే వెళ్ళాలన్న మాట వినగానే పెద్దక్కకు లైటు స్తంభం గుర్తొచ్చింది. అయినా ఈసారి దాక్కోవడానికి లేదు. ఆడబిడ్డను వెంటబెట్టుకుని వెళ్ళింది.

చక్రాల తాత కొట్టు ఒక రేకుల గది. గోడల నిండా రిమ్ములు వేలాడుతున్నాయి. అప్పటికే నలుగురైదుగురు బెంచీ మీద కూర్చుని ఉన్నారు. తాత ఆడబిడ్డ వైపు చూడనైనా లేదు. విరిగిన చక్రాన్ని ఒళ్ళో పెట్టుకుని, రెండేసి చువ్వలు వేళ్ళతో కలిపి నొక్కుతూ చుట్టూ తిప్పాడు.

"తొక్కేది ఎవరు?"

"నేనే," అంది పెద్దక్క.

"బరువెంత?"

బెంచీ మీద వాళ్ళు మాటలాపారు. పెద్దక్క పెదవులు కదిపింది. "ఎనభై."

"గట్టిగా చెప్పమ్మా. సుత్తి కొట్టీ కొట్టీ నా చెవులు పోయాయి."

గొణగడానికి అబద్ధం పనికొస్తుంది గాని, అరవడానికి పనికిరాదు. ఎన్నాళ్ళుగానో గొంతులో అడ్డం పడి ఉన్నది ఒక్కసారిగా బయటికొచ్చింది.

"నూట పద్దెనిమిది!"

ఆ అరుపుకు రోడ్డు మీద పోయేవాళ్ళు కూడా తిరిగి చూశారు. బెంచీ మీద ఎవరూ నవ్వలేదు. బియ్యం మూటల వ్యాపారి ఒకాయన "నా బండి మీద మూడొందల కిలోలు పడుతుంది" అని, తన వంతు ఎప్పుడొస్తుందో చూసుకుంటూ కూర్చున్నాడు. తాత చెక్క మీద సుద్దముక్కతో అంకె రాసుకున్నాడు, దర్జీ కొలత రాసుకున్నట్టు.

"సంచి బరువెంత? వెనకే కడతావా? దారిలో గుంతలెన్ని?" అన్నీ అడిగాడు. తర్వాత మెరిసే చక్రాన్ని పక్కన పడేశాడు.

"దీన్ని మిషను చుట్టింది, మనిషి చెయ్యి పడలేదు. చువ్వ ఒట్టి బరువుకే తెగదమ్మా, వదులుకు తెగుతుంది. వదులుగా ఉన్న చువ్వ, చక్రం తిరిగిన ప్రతిసారీ వంగి లేస్తుంది. తీగముక్కను అటూ ఇటూ వంచుతూ పోతే చివరికి తెగదూ? అలాగన్నమాట. ఒకటి తెగితే దాని మోత పక్కవాటి మీద పడుతుంది. నీ బరువులో ఎక్కువ పాలు మోసేది వెనక చక్రమే. దానికి ముప్పై ఆరు చువ్వలు వేస్తాను, లావువి. రిమ్ము రెండు పొరలది, టైరు వెడల్పుది. మెరవదు మరి, ఇష్టమేనా?"

"ఇన్నాళ్ళూ నా ఒళ్ళే తప్పనుకున్నాను తాతా," అంది పెద్దక్క. ఆమెకు కూర్చోవాలనిపించింది. బెంచీ మీద వాళ్ళు జరిగి చోటిచ్చారు.

తాత సుద్దముక్క కింద పెట్టాడు. "వంతెన కట్టేవాడు మొదట ఏం అడుగుతాడు? దీని మీద ఎంత బరువు పోతుందని అడుగుతాడు. కూలిపోయాక లారీని నిలబెట్టి, నువ్వెందుకింత లావున్నావని అడగడు. నువ్వు రోజూ పనికి పోవాలి. పోయే మనిషిని మోయడమే చక్రం పని. మొయ్యలేకపోతే అది చక్రం తప్పు, చక్రం కట్టినవాడి తప్పు. బరువు అడగకుండా అమ్మినవాడి తప్పు కూడాను. అడిగినప్పుడు నిజం చెప్పకపోతే మాత్రం, అది నీ తప్పు."

బయటికొచ్చాక ఆడబిడ్డ కళ్ళు తుడుచుకుంది. "ఆ రోజు షాపులో నేను నోరు తెరిస్తే నీకు తడిగది తప్పేది వదినా."

"నువ్వు తెరవబోతే చెయ్యి ఊపింది నేనే కదే. పద, కాళ్ళు లాగేస్తున్నాయి."

మూడు రోజులకు చక్రం వచ్చింది. తాత దాన్ని బల్ల మీద తిప్పుతూ, చువ్వచువ్వకూ వేలు పెట్టి చూస్తూ, ఒక పూటంతా బిగించాడు. నెల తర్వాత మళ్ళీ తెమ్మన్నాడు, కొత్త చక్రం కుదురుకున్నాక చువ్వలు సడలుతాయట. పెద్దక్క నెలకు సరిగ్గా తీసుకెళ్ళింది. అక్కడ ఆమె ముందు కూర్చున్న లావుపాటి గుమాస్తా ఒకాయన తన బరువు చెప్పలేక నీళ్ళు నములుతుంటే, "గట్టిగా చెప్పండి అన్నయ్యా, తాతకు వినపడదు. నాది నూట పద్దెనిమిది," అంది. ఆయన గట్టిగానే చెప్పాడు.

ఆ నెలలో ఒక్క చువ్వా తెగలేదు. ఒక్క రోజూ ఆరు దాటలేదు. నెలాఖరున సూపర్వైజరు ఆమెను మళ్ళీ ఇస్త్రీ హాల్లోకి పిలిచింది. పెద్దక్కకు గొప్ప సంతోషమేమీ కలగలేదు. తడిగది అలసట పోయి పాత అలసట వచ్చింది, అంతే. కాకపోతే దీంట్లో భయం లేదు.

"టైముకు వస్తున్నావు, సన్నబడ్డావా ఏమిటి?" అంది సూపర్వైజరు, కాగితం మీద పేరు మారుస్తూ.

"లేదమ్మా, అంతే ఉన్నాను. చక్రం మార్చాను."

సూపర్వైజరు కలం ఆగింది. ఆమె మొదటిసారి పెద్దక్క ముఖంలోకి చూసి, తల వంచుకుని సంతకం పెట్టింది.

మోయలేని వస్తువును చేసి, అమ్మి, చివరికి దాన్ని ఎక్కిన మనిషే సిగ్గుపడాలనే లోకంలో, మన కొలత మనం నోరు విప్పి చెప్పడమూ, ఎదుటివాడి కొలత నవ్వకుండా అడగడమూ నేర్చుకుంటే, ఎందరో సమయానికి పనికి చేరుకుంటారు.