హీటరు మీద మగ్గు

మా బావకి నోరు చురుకు, చెయ్యి నిదానం. అందుకే మేమిద్దరం కలిసి పని మొదలుపెట్టిన రోజే అక్క తీర్పు చెప్పేసింది: గ్యాసు పైపులు తమ్ముడివి, నీళ్ల పైపులు మొగుడివి.

ఆ రోజు పని అక్క పనిచేసే కుట్టు హాల్లోనే, పెడలు మీద కాలు ఆనిస్తే చాలు తిరిగే కరెంటు మిషన్లున్న చోట. చలికి వేళ్లు కొంకర్లు పోతున్నాయని ఆడవాళ్లంతా పోరుపెడితే, యజమాని పెద్ద గ్యాసు హీటరు పెట్టిస్తున్నాడు. అది మండుతుంటే లోపల నీళ్లు ఊరతాయి. అవి పోయే పైపులో ఒక వంపు ఉంటుంది. వెలిగించే ముందు ఆ వంపు నిండా మనమే నీళ్లు పొయ్యాలి. లేకపోతే బయటికి పోవాల్సిన విషపు గాలి ఆ ఖాళీ వంపులోంచి గదిలోకి వస్తుంది, కంటికి కనపడకుండా.

నీళ్లు పోసినవాడు మగ్గుని హీటరు మీద బోర్లించాలి. అది మా ఇద్దరికీ గుర్తు. బావ నోటిమాట కన్నా మగ్గే నయమని ఆ పద్ధతి పెట్టింది నేనే.

అతుకులన్నిటికీ సబ్బు నురగ రాసి చూశాను. ఒక్క బుడగ లేదు. మగ్గు హీటరు మీద బోర్లించి ఉంది. వెలిగించాను. అక్క నా వీపు మీద చరిచి, "ఇన్నాళ్లకి పనికొచ్చావురా" అంది. వెచ్చదనం పోకుండా తలుపులు బిగించుకున్నారు.

దారిలో బావ ఈల వేస్తున్నాడు.

"వంపులో నీళ్లు బాగానే పట్టాయా బావా?" అని ఊరికే అడిగాను.

ఈల ఆగింది. "నువ్వే పోశావనుకున్నా. జిగురు ఆరాలని నేను బయటికెళ్లా. వచ్చేసరికి మగ్గు పైనే ఉందిగా!"

బండి వెనక్కి తిప్పాను. బావ అక్కకి ఫోన్ చేసి స్పీకరు పెట్టాడు.

చాలాసేపటికి తీసింది. "ఏంటండీ..." మాట ముద్దగా వచ్చింది.

"హీటరు మీద మగ్గు ఎవరు పెట్టారే?"

"నేనే. కాళ్లకి అడ్డంగా పడేసి పోతే తీసి పైన బోర్లించా. అదేంటో, వీళ్లంతా బల్లల మీదే వాలిపోయారు. నాకూ తల పగిలిపోతోంది..."

"అక్కా, తలుపులు తియ్యి! బయటికి రా!" అని అరిచాను.

"వస్తున్నా రా... ఈ అంచొక్కటీ..."

ఫోన్ దేనికో తగిలిన చప్పుడు. ఆ వెంటనే కుట్టుమిషను మొదలైంది.

"కుడుతోంది. బానే ఉంది, బానే ఉంది" అన్నాడు బావ.

బట్ట తిప్పుకోవడానికైనా మిషను ఆగాలి. దారం తెంచడానికైనా ఆగాలి. అది ఒకే జోరుతో తిరుగుతూనే ఉంది. ఏ అంచూ అంత పొడుగుండదు.

కాసేపటికి బావకీ తెలిసింది. ఫోన్ నోటికి ఆనించుకుని, పసిపిల్లని బతిమాలినట్టు అంటున్నాడు: "కాలు తియ్యవే... ఒక్కసారి ఆ కాలు తియ్యవే."