ముగియని సభ

బందెల దొడ్డిని ఎజరాయా టఫ్ట్స్ ఇంటి పక్కనుంచి తీసెయ్యాలని వెన్‌బరీ ఊళ్లో అందరూ ఒప్పుకున్నారు. అందుకే అది కదల్లేదు.

దారి తప్పిన పశువులను కట్టేసే ఆ దొడ్డి మురుగు వానలప్పుడు ఎజరాయా బావిలోకి దిగేది. ఎజరాయా పీపాలు చేస్తాడు. అతని భార్య మెహెటబెల్‌కు నెలలు నిండుతున్నాయి. ఆమె వాగు నుంచి నీళ్లు మోస్తోంది. మంచు పడేలోగా దొడ్డి కదలకపోతే పుట్టింటికి పోతాననీ, బిడ్డతో ఈ బావి దగ్గరికి తిరిగి రాననీ చెప్పింది. మెహెటబెల్ ఒకసారి చెప్పిన మాటను రెండోసారి చెప్పే మనిషి కాదు.

ఎజరాయా వేసవిలోనే ఊరి సభకు అర్జీ పెట్టుకున్నాడు. అప్పటికి అమెరికా ఇంకా ఇంగ్లండు రాజు ఏలుబడిలోనే ఉంది. ఆ తర్వాత లండన్ నుంచి చట్టం వచ్చింది. గవర్నరు అనుమతి లేకుండా మసాచుసెట్స్‌లో ఏ ఊరూ కొత్తగా సభ పిలవకూడదు. అంతకుముందే మొదలైన సభను ముగించి తీరాలని మాత్రం చట్టంలో లేదు. వెన్‌బరీ సభ అంతకుముందే మొదలైంది. ఒక్క అంశం తేలలేదు. అది ఎజరాయా అర్జీ పెట్టిన ఈ దొడ్డి సంగతి. అది తేలితే సభ ముగుస్తుంది, మళ్లీ పిలవడానికి వీలుండదు.

కాబట్టి సభను వాయిదా వేస్తూ వచ్చారు. ప్రతిసారీ ఎవరో ఒకరు లేచి దొడ్డి కదపడానికి అడ్డం చెప్పేవారు. కొత్త చోట నేల చిత్తడి అన్నారు. రాళ్లు లేవన్నారు. ఎడ్లు కోతల్లో ఉన్నాయన్నారు. వాయిదా వేసేలోగా పన్ను డబ్బు రాజుగారి ఖజానాకు పంపకూడదని ఒకసారి, మందుగుండు కొనాలని ఇంకోసారి తీర్మానించారు.

నవంబరు సభలో లెమ్యుల్ గ్రాంట్ లేచాడు. ఆయన రాజు పక్షం మనిషి, ఊళ్లో పెద్ద రైతు.

"నా మెరక పొలంలో జాగా ఇస్తాను. రాళ్లు నావి, ఎడ్లు నావి. రేపే గోడ మొదలుపెడదాం. దీనికి ఎవరైనా అడ్డమా?"

అడ్డం చెప్పడానికి ఉన్న కారణాలన్నీ వాడేశారు.

సభాధ్యక్షుడు, చర్చి పెద్ద అయిన డీకన్ బ్రిగమ్ కళ్లద్దాలు తుడుచుకున్నాడు. "అడ్డం లేకపోతే చేతులెత్తమని అడగాలి మరి. పద్ధతి అది." మళ్లీ తుడుచుకున్నాడు.

"తుడిచింది చాల్లే డీకన్ గారూ, అరిగిపోతాయి," అన్నాడు గ్రాంట్. ఎజరాయా వైపు తిరిగాడు. "ఏమయ్యా, నీ పెళ్లాం ఆ కడుపుతో నీళ్లు మోస్తుంటే ఈ దేశభక్తులు ఏం చేశారు? వాయిదా వేశారు. నేను గోడ కట్టిస్తానంటున్నా."

అది నిజం. ఎజరాయా కిటికీ వైపు చూశాడు. బయట బావమరిది బండి కనిపిస్తోంది. అందులో మెహెటబెల్ పెట్టె ఉంది, పక్కన మెహెటబెల్ ఉంది. అతను లేచాడు.

"నేను అడ్డం చెబుతున్నాను."

"దేనికి?"

"దొడ్డి కదపడానికి."

"అర్జీ పెట్టింది నువ్వే కదయ్యా!"

"పెట్టాను. అప్పుడు అలవాటు కాలేదు. ఇప్పుడు ఆవులు అరవకపోతే నిద్ర పట్టడం లేదు."

వెనక ఎవరో దగ్గారు.

"మరి బావి?"

"నీళ్లకు కొంచెం రుచి వచ్చింది. మామూలు నీళ్లు చప్పగా ఉంటున్నాయి."

"ఆ వాసనో?"

"ఏ వాసన గ్రాంట్ గారూ?"

అప్పుడు సభ నవ్వింది. గ్రాంట్ నవ్వలేదు, ఎజరాయా కూడా నవ్వలేదు. అర్జీదారే అడ్డం చెబుతున్నందున విషయాన్ని లోతుగా ఆలోచించాలని డీకన్ ప్రకటించాడు. వాయిదాకు ముందు మరికొంత మందుగుండు కొనాలని తీర్మానించారు.

ఎజరాయా బయటికి వచ్చాడు. మంచు మొదలైంది.

"తేలిందా?" అంది మెహెటబెల్.

"వాయిదా."

"ఈసారి అడ్డం చెప్పిన మహానుభావుడెవరు?"

"నేనే."

ఆమె అతన్ని చూసింది. తర్వాత గుర్రాన్ని చూసింది.

"ఆ సభ ముగిశాక కబురు చెయ్యి," అంది. "పద తమ్ముడూ."

బండి వంతెన దాటేదాకా ఎజరాయా అక్కడే నిలబడ్డాడు. డీకన్ వచ్చి పక్కన నిలబడ్డాడు. ఏదో ఒకటి అనాలి కాబట్టి అన్నాడు:

"వచ్చే బుధవారం మళ్లీ సభ ఉంది. అప్పుడు అడ్డం ఎవరు చెబుతారో ఏమో."

"నన్ను పిలవండి," అన్నాడు ఎజరాయా. "ఇంటి దగ్గర నాకేం పని లేదు."